స్లైగో మీదుగా

ఆడమ్స్‌టౌన్,
18 మే 2020.

ప్రభావతికి,

ఏడేళ్ళ తర్వాత రాస్తున్నాను. ఇది క్షమాపణ ఉత్తరం కాదు. నాకు భూగోళ శాస్త్రంలో ఒక సందేహం వచ్చింది. నాకు తెలిసిన భూగోళం టీచరువి నువ్వొక్కదానివే. మీ అబ్బాయి డాక్టర్ చక్రధర్ ఈ ఐర్లండ్‌లోనే లెటర్‌కెన్నీ ఆస్పత్రిలో పనిచేస్తున్నాడనీ, చూసిపోదామని వచ్చిన నువ్వు విమానాలు ఆగి నాలాగే ఇరుక్కుపోయావనీ మా అబ్బాయి హేమచంద్ చెప్పాడు. ఫోన్ చేసి మాట్లాడమన్నాడు. ఫోన్‌లో వాదిస్తే నువ్వు మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

డెబ్బై దాటినవాళ్ళు గడప దాటకూడదన్నారు కదా. దానికి వీళ్ళు పెట్టిన పేరు కొకూనింగ్. పట్టుపురుగు గూట్లో ఎందుకుంటుందో, చివరికి దాన్ని ఏం చేస్తారో ఈ పేరు పెట్టినవాళ్ళకు తెలిసినట్టు లేదు. మేడ మీద బాక్స్ రూమ్ అనే చిన్న గది నాది. పక్క గదిలో కోడలు నవీన ఆఫీసు, కింద వంటింట్లో మనవరాలు హాసిని బడి. ఏం అడిగినా "ఇట్స్ గ్రాండ్, నానమ్మా" అంటుంది. నాకు మిగిలింది పెరట్లో కంచె ఒకటి.

కంచె అవతల ఉగోచి అనే ఆవిడ ఉంది. ఆవిడా కొడుకు దగ్గరికి వచ్చి ఆగిపోయిందే. ఊరేదని అడిగితే నైజీరియాలో మనిద్దరం పనిచేసిన ఎనూగే అంది. నేనక్కడ ఆరేళ్ళు ఆడపిల్లల బళ్ళో కామర్స్ చెప్పానన్నాను. అంతే, ఆ రోజు నుంచి వాళ్ళింట్లో అందరూ నన్ను టీచర్ అనే పిలుస్తున్నారు.

ఆవిడ కొడుకు ఒబిన్నా ఇంజనీరింగ్ చదివాడు. ఇక్కడ మాత్రం గోడౌన్‌లో సెక్యూరిటీ పని. వాళ్ళ ఇగ్బో జాతి యాభై ఏళ్ళ కిందట యుద్ధంలో పోగొట్టుకున్న దేశం మళ్ళీ వస్తుందని గట్టిగా నమ్ముతున్నాడు. వచ్చే ఏడాది భార్యనూ ఇద్దరు పిల్లలనూ తీసుకుని వెళ్ళిపోయి, అక్కడ మోటారు విడిభాగాల వర్క్‌షాప్ పెడతానంటున్నాడు. భార్యకు ఇష్టం లేదు. మొన్న ఇంట్లో పెద్ద గొడవై ఆ ముగ్గురూ కంచె దగ్గరికి వచ్చారు. "టీచర్, ఇగ్బోలు విడిపోతే ఆ దేశం నిలబడుతుందా లేదా, మీరు లెక్కకట్టి రాసివ్వండి. ఇండియన్ టీచర్ దిద్దిన పేపర్ మీద అప్పీలు లేదని, వాళ్ళ దగ్గరే చదువుకున్న మా అమ్మ అంటుంది. మీరేమంటే అదే చేస్తాను" అన్నాడు.

లెక్క నేను కడతాను. నదులు, రేవులు, ఎవరి నేల కింద ఏముంది అన్నవి నువ్వు రాసి పంపు.

ఊర్మిళ

*

లెటర్‌కెన్నీ,
30 మే 2020.

ఊర్మిళా,

ఏడేండ్లకు రాస్తే సందేహమే రాసినవు. బతికున్నవా అని అడగలే. సరే, బతికే ఉన్న. నా కొడుకు ఆస్పత్రి నుంచి వచ్చి వెనక తలుపున లోపలికొస్తడు, తానం చేసి తన గదిలకు పోతడు, పళ్ళెం నేను గడప దగ్గర పెడ్త. కొడుకును చూద్దామని వచ్చి కొడుకు ముఖం చూస్తలేను.

నువ్వడిగినవి ఇవి. ఇగ్బోల నేల లోపలి నేల, సముద్రానికి తగలదు. పెద్ద రేవు పోర్ట్ హార్కోర్ట్, అది వేరేవాళ్ళ నేల మీద ఉన్నది. ఆ పక్కన ఉండే జాతులకు నైజీరియా అంటే ఎంత భయమో ఇగ్బోలన్నా అంతే. ఆ యుద్ధంలనే వాళ్ళు కలిసిరాలే. చమురు కొంత ఇగ్బోల కింద కూడ ఉన్నది గని, ఎక్కువ భాగం ఆ పక్కవాళ్ళదే. ఒనిచా దగ్గర నైజర్ నది పెద్దదే, ఎండకాలం పెద్ద ఓడ నడువదు. ఊర్లు ఇరుకు, వాన పడితే ఎర్రమట్టి కోసుకపోయి ఇండ్లు గోతులల్ల పడ్తయి. మనం చూసినమే. ఇంకొకటి, వాళ్ళ షాపులు సగం లాగోస్‌ల, కానోల ఉన్నయి. దేశం ఇక్కడ, గల్లాపెట్టె అక్కడ.

యాదికుందా, మన హెడ్‌మిస్ట్రెస్ యుద్ధం ముందు బ్యాంకుల దాసుకున్నదంతా పోయి, ఎంత ఉన్నోళ్ళకైన ఇరవై పౌన్లే అని ఆమె చేతిల పెట్టిన్రని చెప్పింది. నువ్వు ఆ రోజు అన్నం తినలే. ఆకలైతలేదని కాదు, అది ఏ పద్దు కింద రాస్తరని కోపమొచ్చి.

లెక్క మంచిగ కట్టు. నీ లెక్కలు నాకు ఎరుకే. లాక్‌డౌన్ తీసినంక డబ్లిన్ నుంచి ఇక్కడికి నేరుగ బస్సున్నది, ఎక్కి రా. కొట్లాడుకోవాలంటే ఎదురుగ కొట్లాడుకుందాం.

ప్రభ

*

ఆడమ్స్‌టౌన్,
21 జూన్ 2020.

ప్రభావతికి,

నీ సమాచారం బాగుంది. నీ బస్సు బాగాలేదు. ఆ నేరు బస్సు సగం దారి ఉత్తర ఐర్లండ్‌లో నడుస్తుంది. మొనహన్ దాటితే అది బ్రిటన్, మళ్ళీ మీ ఊరి దగ్గర ఐర్లండ్. నా వీసా ఈ దేశానికే. పిల్లలకు సరిహద్దులు నేర్పినదానివి, నువ్వే నన్ను పాస్‌పోర్టు చెల్లని దేశంలోకి టికెట్టు కొనుక్కుని రమ్మంటున్నావు. ఎవరూ చూడరని హేమచంద్ అంటాడు. చూడకపోతే నియమం మారిపోదు.

ఒబిన్నాకు రాసిచ్చేశాను. జవాబు: నిలబడదు. రేవు లేదు, ఇరుగుపొరుగు ఒప్పుకోరు, వ్యాపారమంతా పరాయి ఊళ్ళలో ఉంది, విడిపోయిన మర్నాడు ఆ షాపులన్నీ విదేశాల్లో ఉన్నట్టే. చివర ఒక వాక్యం కలిపాను, "విడిపోవాలనే కోరిక గౌరవించదగిందే కాని, గౌరవంతో విద్యుత్తు ఉత్పత్తి కాదు" అని.

అతను కంచె దగ్గరే నిలబడి రెండుసార్లు చదివాడు. భార్య ఊపిరి తీసుకోవడం నాకు వినిపించింది. ఉగోచి మాత్రం, "మా క్లాసులో ఇంత తక్కువ మార్కులు ఎవరికీ రాలేదు టీచర్" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

అతను కాగితం జేబులో పెట్టుకున్నాడు. "మాటిచ్చాను కాబట్టి వెళ్ళను. కాని ఇక్కడ నేనేం చేయాలో కూడా రాసివ్వండి" అన్నాడు. అది నన్నడిగిన పని కాదు.

ఊర్మిళ

*

లెటర్‌కెన్నీ,
12 జులై 2020.

ఊర్మిళా,

నీ చివరి వాక్యం చదివి మూడురోజులు నీకు రాయొద్దనుకున్న. తర్వాత, రాయకుండ ఏడేండ్లు ఉన్నంక ఇప్పుడు మూడురోజులేందని కూసున్న.

ఆ వాక్యం నాకు కొత్త కాదు. 2013ల గుంటూరు నుంచి నువ్వు పేపరుకు ఉత్తరం రాసినవు, "తెలంగాణ విడిపోవడం సాధ్యమా" అని. పేపర్ల నీ పేరు చూసి మురిసిపోయి మా ఇంట్ల అందరికీ చదివి వినిపించుడు మొదలువెట్టిన. సగంల పేపరు మడిచిన. విడిపోతే తెలంగాణ చీకట్లో ఉంటుంది, మోటర్లు నడువవు, హైదరాబాదుల కంపెనీలు లేచిపోతయి అని రాసినవు. చివరికి ఇదే మాట, గౌరవంతో విద్యుత్తు ఉత్పత్తి కాదని. ఏడేండ్లయినా మార్చలే, అదే పిల్లగాని పేపరు మీద రాసిచ్చినవు.

కరెంటు పోలే ఊర్మిళా. కంపెనీలు పోలే. మా తమ్ముని బావిమోటరు పగలు నడుస్తున్నది. నువ్వు తప్పు కట్టినవని నేను అప్పుడు అనలే, ఎందుకంటే అప్పటికి నాకూ తెల్వదు. నా దగ్గర నమ్మకమే ఉన్నది, లెక్క లేదు. నువ్వు నన్ను ఫోన్ల "చదువుకున్నదానివై ఉండి" అన్నవు. నేను పెట్టేసిన. ఫోన్ పెట్టేస్తనని ఇప్పుడు ఎత్తిపొడుస్తున్నవు గదా, అది గా రోజే.

ఇగ్బోల సంగతి నీ లెక్క ప్రకారం కరెక్టే కావచ్చు. గని ఆ లెక్క నువ్వు వాళ్ళ కోసం కట్టలే. మా కోసం కట్టిందాన్నే పేరు మార్చి ఇచ్చినవు. ఒకని జీవితం దాని మీద ఆగింది.

ప్రభ

*

ఆడమ్స్‌టౌన్,
15 నవంబర్ 2020.

ప్రభా,

నాలుగు నెలలు రాయలేదు. మళ్ళీ అయిదు కిలోమీటర్లు దాటకూడదన్నారు. నాలుగింటికే చీకటి. హాసిని కిటికీ దగ్గర కూర్చుని తన ఊపిరితో అద్దం మీద బొమ్మలు వేస్తుంటే నేను తుడిచేదాన్ని. ఇప్పుడు తుడవడం మానేశాను.

నీ ఉత్తరం అందిన వారం తర్వాత ఒబిన్నాను పిలిచి ఆ కాగితం తిరిగి ఇమ్మన్నాను. నేను ఇంతవరకూ దిద్దిన పేపరు వెనక్కి తీసుకోలేదు. "మార్కులు మారతాయా" అని అడిగాడు. "మార్చడం లేదు. నేను దిద్దింది నీ పేపరు కాదు. వేరే పిల్ల పేపరు చూసి నీకు మార్కులు వేశాను" అన్నాను. అర్థం కాలేదు. మన సంగతి, తెలంగాణ సంగతి, నా ఉత్తరం సంగతి అంతా చెప్పాను. చాలాసేపు నవ్వాడు. ఉగోచి వచ్చి, "మీ దేశంలోనూ ఇదేనా, మరి నాకు ఎవరూ చెప్పలేదే, నేను మీరంతా ఒకటే జాతి అనుకున్నాను" అంది. మేమంతా ఒకటే భాష అన్నాను. "అయినా విడిపోయారా" అంది ఆశ్చర్యంగా.

ఇంకోసారి కడుతున్నాను. ఈసారి ఈ దేశాన్ని పక్కన పెట్టుకుని చూశాను. ఐర్లండ్ విడిపోయినప్పుడు వీళ్ళ పశువులు కొనేది ఆ ఇంగ్లండే. దాదాపు నలభై ఏళ్ళు బీదగానే ఉన్నారు, పిల్లలు ఓడలెక్కి అదే ఇంగ్లండ్‌కు కూలికి పోయారు. అప్పుడు నన్నడిగితే నిలబడదనే రాసేదాన్ని. నిలబడింది. నా మనవరాలు ఇక్కడ చదువుకుంటోంది.

కాబట్టి రేవు లేకపోవడం, షాపులు దూరంగా ఉండడం కారణాలు కావు. అవి కష్టాలు. కారణం కావాలంటే వేరేది వెతకాలి. నాకు దొరకడం లేదు. కొట్టివేతలు లేకుండా ఒక పేజీ కూడా రాయలేకపోతున్నాను.

ఒబిన్నా మళ్ళీ టికెట్ల ధరలు చూస్తున్నాడట. అతని భార్య నాతో మాట్లాడటం మానేసింది. దానికీ కారణం నేనే.

ఊర్మిళ

*

లెటర్‌కెన్నీ,
7 ఫిబ్రవరి 2021.

ఊర్మిళా,

ఆపు. ఆ పిల్లగాన్ని పోనియ్యకు.

నవ్వుకుంటున్నవా, తెలంగాణ తెచ్చుకున్నామె గిట్ల రాస్తున్నదేందని. నవ్వు. నా కొడుకు ఆస్పత్రిల ఒక నర్సున్నది, ఇల్లు డెర్రీల. అంటే అవతలి దేశం. అరగంట దారి. అక్కడ గేటు లేదు, పోలీసు లేడు, బోర్డుల మీద కిలోమీటర్లు పోయి మైళ్ళు వస్తయి, గంతే. ఇప్పుడు లాక్‌డౌన్ల ఇవతల గార్డాలు, అంటే ఇక్కడి పోలీసులు, నిలబడి ఎటు పోతున్నవని అడుగుతున్నరు. ఆమె మొన్న చక్రధర్‌తోని, "చిన్నప్పుడు ఇక్కడ సైనికుడు తుపాకీతో మా నాన్న కారు డిక్కీ తెరిపించేవాడు, బ్రేకు వేస్తే ఇప్పటికీ నాకు అదే గుర్తొస్తుంది" అన్నదట. గీత గీసి నూరేండ్లు, తుపాకులు పోయి ఇరవై ఏండ్లు. ఆమెకు ఇంకా పోలే.

మాకు రాష్ట్రం పార్లమెంటుల చట్టంతోని వచ్చింది. రోడ్ల మీద వంటలు చేసినం, బళ్ళు బందు పెట్టినం, పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు, అది నేను మర్వ. గని మా మీద విమానాలు బాంబులేయలే. ఒక దేశంల ఉండి ఇల్లు పంచుకున్నం. వాళ్ళకు ఆ పార్లమెంటు లేదు. అడిగితే చర్చ పెట్టరు, సైన్యాన్ని పంపుతరు. ఎనూగుల మన బడి గోడకు తూటా గుంతలు ఉంటే వాటిల్ల పిల్లలు సుద్దముక్కలు దాసుకునేటోళ్ళు, యాదికుందా.

నీకు దొరకని కారణం అది. దేశం నిలబడ్తదా అనేది కాదు. నిలబడే దాంక ఎవరు బతికుంటరనేది.

నువ్వు లెక్క తప్పినవని చెప్పి, నేనే నీ జవాబుకు వచ్చిన. దారి వేరే, గంతే.

ప్రభ

*

ఆడమ్స్‌టౌన్,
6 సెప్టెంబర్ 2021.

ప్రభా,

ఉగోచి జులైలో ఎనూగు వెళ్ళిపోయింది. టీకాలయ్యాయి, విమానాలొచ్చాయి, ఆవిడ ఒక్క రోజు కూడా ఆగలేదు. క్రిస్మస్‌కు ఒబిన్నా కుటుంబంతో వెళ్ళేట్టు మాట. నీ ఉత్తరం అతనికి చదివి వినిపించాను. "మీ స్నేహితురాలు భయపడుతోంది. భయంతో ఎవరూ దేశం కట్టలేదు" అన్నాడు. ఇంటి లీజు డిసెంబర్‌తో వదిలేస్తున్నట్టు యజమానికి రాసేశాడు. నీ జవాబుతోనూ, నా జవాబుతోనూ అతనికి పని లేకపోయింది.

ఇప్పుడు అక్కడ కొత్తది మొదలైంది. ప్రతి సోమవారం ఇళ్ళలోనే ఉండాలని విడిపోవాలనేవాళ్ళు ఆజ్ఞ వేశారు. జైల్లో ఉన్న వాళ్ళ నాయకుణ్ణి వదిలేదాకా షాపులు, బళ్ళు, బస్సులు అన్నీ బంద్. ఒబిన్నా ఇక్కడి నుంచి దాన్ని గట్టిగా సమర్థించాడు. "వారంలో ఒక్క రోజు, టీచర్. మీరు ఏడాదిన్నర ఇంట్లో కూర్చోలేదా" అన్నాడు.

ఈ రోజు సోమవారం. మధ్యాహ్నం అతను పెరట్లో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు, నేను బట్టలు ఆరేస్తున్నాను. స్పీకర్‌లో ఉగోచి గొంతు నాకూ వినిపించింది. రక్తపోటు మాత్రలు అయిపోయాయట. మందుల షాపు రెండు వీధుల అవతల, వెనక తలుపు తడితే ఇస్తాడట. నడిచి వెళ్ళొస్తానంది.

"వెళ్ళకు" అన్నాడు.

"రెండు వీధులే కదా."

"వెళ్ళకు అమ్మా. బంద్ చేయించే కుర్రాళ్ళు చూస్తే? సైనికులు చూస్తే? రేపు తెచ్చుకో. ఈ రోజు తలుపు తీయకు."

ఆవిడ గొళ్ళెం వేసిన చప్పుడు వినిపించింది. తర్వాత, "నువ్వు పెట్టిన సోమవారమే కదా ఇది" అంది. కోపంగా కాదు. వంట కుదిరిందా అని అడిగినట్టు.

ఫోన్ పెట్టేశాక అతను నన్ను చూశాడు. నేను క్లిప్పులు పెడుతూనే ఉన్నాను. ఏమీ అనకూడదని నాకు తెలిసింది. ప్రభా, నాకిది జీవితంలో కొత్త.

ఊర్మిళ

*

లెటర్‌కెన్నీ,
14 సెప్టెంబర్ 2021.

ఊర్మిళా,

మంగళవారం ఆమెకు మాత్రలు దొరికినయా లేదా రాయలే నువ్వు. అన్ని లెక్కలు రాస్తవు, అసలుది మర్చిపోతవు. తిరుగు టపాల రాయి.

మా సమ్మెల కూడ నలభై రోజులు బళ్ళు మూతపడ్డయి. అది తప్పని నేను ఇప్పటికీ అనను, అడుగకు. గని ఆ రోజులల్ల నా తలుపు నేను భయపడి మూసుకోలే. నా అంతట నేను మూసుకున్న. ఆ రెండింటికీ నడుమ ఎంత దూరమున్నదో నీ ఉత్తరం చదివినంక కొలుస్తున్న, తెగుతలేదు.

చక్రధర్‌కు మళ్ళ వార్డు డ్యూటీ. నేను కిటికీల కూసుంటున్న. నవంబర్‌ల నా టికెట్టు. ఆ లోపు రా.

ప్రభ

*

ఆడమ్స్‌టౌన్,
3 అక్టోబర్ 2021.

ప్రభా,

మాత్రలు దొరికాయి. మంగళవారం కాదు, బుధవారం. మంగళవారం వీధంతా ఒకేసారి షాపుకు వచ్చిందట, వరస ముగిసేలోపు సరుకు అయిపోయింది.

ఒబిన్నా వాళ్ళమ్మను మళ్ళీ ఇక్కడికి వచ్చెయ్యమన్నాడు. ఆవిడ రానంది. "నా ఇల్లు సోమవారం ఒక్కరోజే మూసి ఉంటుంది. మీ ఇల్లు వారమంతా మూసే ఉంది" అందట. ఆ మాట నాతో చెప్తున్నప్పుడు అతను నవ్వాడు. తర్వాత కంచె మీద చేతులు పెట్టి అలాగే నిలబడ్డాడు.

నిన్న యజమానిని బతిమాలి లీజు మళ్ళీ రాయించుకున్నాడు. అద్దె పెంచాడట. వెళ్ళడం లేదు. "దేశం కావాలా" అని అడిగాను. "కావాలి టీచర్. రేపు ఓటు పెడితే మొదట నేనుంటాను" అన్నాడు. "మరి పిల్లలు?" అన్నాను. ఇంటి వైపు చూశాడు. "మా అమ్మతో తలుపు తీయకు అన్నది నేనే. పిల్లలతో కూడా ఆ మాట అనలేను" అన్నాడు. అతని భార్య రాత్రి నాకు జొల్లాఫ్ అన్నం పంపింది. నవీన కారం ఎక్కువైందని వదిలేసింది, హాసిని రెండుసార్లు వడ్డించుకుంది.

మార్కులు ఇంకా వేయలేదు కదా అని అడిగాడు. వేయనన్నాను. నా అభిప్రాయం మాత్రం చెప్పాను. ఆ దేశం నిలబడలేనిదేమీ కాదు, ఆ మనుషులు ఎక్కడైనా నిలబడతారు. కాని ఇవాళ, ఈ సైన్యంతో, ఈ కుర్రాళ్ళతో, ఆ పొరుగువాళ్ళ భయంతో విడిపోవడమంటే మందుల షాపుకు వెళ్ళలేని అమ్మలను లక్షల్లో తయారుచేయడం. అందుకని ఇప్పుడు కాదు. మొదట నేను రాసిందీ వద్దనే జవాబే, కాని అప్పుడు నాకు కారణం తెలియదు. తెలియకుండా రాసిన సరైన జవాబుకు నేను మా పిల్లలకెప్పుడూ మార్కులు ఇవ్వలేదు.

ఇక నా సంగతి. శుక్రవారం వస్తున్నాను. నేరు బస్సు కాదు. పొద్దున్నే డబ్లిన్‌లో రైలెక్కి స్లైగో చేరి, అక్కడ బస్సు పట్టుకుని డనెగాల్ మీదుగా మీ ఊరు. ఆ గీతకు తగలకుండా చుట్టూ తిరిగి రావాలంటే దాదాపు రోజంతా పడుతుంది. హేమచంద్ తల పట్టుకున్నాడు. పట్టుకోనీ. ఎప్పుడో ఎవరో విడిపోయినందుకు ఒక ముసలిది ఇంత దూరం చుట్టు తిరగాలంటే, ఆ దూరం నేను కిటికీలోంచి పూర్తిగా చూడాలి.

బస్సు దిగేసరికి చీకటి పడుతుంది. మీ ఇల్లు నాకు తెలియదు. గుమ్మంలో దీపం వేసి ఉంచు.

వెలుగుతుందా అని అడగను.

ఊర్మిళ